పొగ బాగానే పోతోంది

నవంబరు 2, ఆదివారం

వస్తున్నారు. నా కూతురు వస్తోంది, దాని కూతుర్ని ఎత్తుకుని వస్తోంది. నా పుస్తకం నా ఇష్టం, ఇంకోసారి రాసుకుంటాను: వస్తున్నారు.

పొద్దున పదింటికి ఫోను. "నాన్నా, మా బిల్డింగులో గదుల్ని వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టాలన్నీ పీకి కొత్తవి వేస్తారట, మూడు నెలల పని. పాపకి చలి తగలకూడదన్నారు డాక్టరు. ఈయనేమో వాళ్ళమ్మగారింటికి వెళ్దామంటారు. నేను మాత్రం నాన్న దగ్గరికే అన్నాను." కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నవాణ్ని ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు.

తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన బిడ్డ. నెల ముందే తొందరపడి వచ్చేసింది, పట్టుమని రెండు కిలోలు లేదు. ఈ రోజుకి నలభై ఏడు రోజులు. ఆసుపత్రిలో అద్దం అవతల నుంచి చూడటమే తప్ప ఇంతవరకు ఎత్తుకోలేదు. మా అక్క ఆ అద్దం దగ్గరే పేరు పెట్టేసింది, ఆవగింజ అని.

"కాళ్ళు నేలమీద ఆనించి నడవరా, నేలేం అరిగిపోదు" అంటోంది అక్క. నాకంటే ఐదేళ్ళు పెద్దది, డెబ్భై ఆరు. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచీ నాతోనే ఉంటోంది. ఒళ్ళు డెబ్భై ఆరు, నోరు ఇరవై.

చివర్లో అల్లుడు ఫోను తీసుకుని ఒక్కటే అడిగాడు. "మావయ్యా, పొయ్యి పొగగొట్టం శుభ్రం చేయించారా?"

"ఓ, ఎప్పుడో" అన్నాను.

చేయించలేదు. పోయిన శీతాకాలం కూడా చేయించలేదు. రేపు చేయిస్తాను. కాబట్టి అది అబద్ధం కాదు, ఒక రోజు ముందుగా చెప్పిన నిజం.

నవంబరు 3

పొగగొట్టాల మనిషికి ఫోను చేశాను. మా పేటలో ఇల్లు వెచ్చబెట్టుకునే ఇనప పొయ్యిలున్న ఇళ్ళన్నిటికీ అతనొక్కడే దిక్కు. "చలి పడ్డాక గానీ గుర్తురానా పెద్దాయనా నేను? ఇరవై నాలుగో తారీకు దాకా ఊపిరి సలపదు" అన్నాడు. ఆ రోజుకే రమ్మన్నాను. వాళ్ళొచ్చేదేమో ఎనిమిదిన.

నేనే చేస్తాను. నలభై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ని, ఒక్క గొట్టం తోమలేనా. కడ్డీలు, బ్రష్షు వెనక షెడ్డులో ఉన్నాయి.

నవంబరు 5, బుధవారం

ఒళ్ళంతా మసి. రెండుసార్లు స్నానం చేసినా గోళ్ళలో పోలేదు. అంతా వరసగా రాస్తాను, ఎక్కడ ఏం జరిగిందో నాకే తెలియాలి.

రాత్రే నిప్పు ఆర్పేసి ఉంచాను. పొద్దున్నే బూడిద ఎత్తాను, అడుగున వేలెడు మందం వదిలి. పూర్తిగా ఊడ్చేస్తే నిప్పు నిలవదు. లోపలి ఇటుక పలకలు తీశాను, ఒకటి పగిలింది గానీ అతుక్కునే ఉంది, వాడొచ్చు. మంట నెత్తిన ఉండే అడ్డురేకు దించాను. దాని మీద పేరుకున్న మసి దోసిళ్ళతో ఎత్తాల్సి వచ్చింది. ఆ సంగతి అక్కకి చెప్పలేదు. పొయ్యి నోటికి పాత దుప్పటి కట్టి, మధ్యలో చిల్లు పెట్టి, అందులోంచి బ్రష్షు పైకి తోశాను. ఒక కడ్డీ లోపలికి పోగానే దాని కింద ఇంకోటి మరతో బిగించాలి. అలా ఆరు కడ్డీలు. గొట్టం నిటారుగా లేచి, పైకప్పు దగ్గర ఒక వంపు తిరిగి, బయటికి పోతుంది.

మా ఆవిడ ఉన్నప్పుడు ఈ పని ఇద్దరం చేసేవాళ్ళం. నేను తోసేవాణ్ని, ఆవిడ కడ్డీ పట్టుకుని తిప్పేది. వంపు దగ్గర బ్రష్షు మొరాయిస్తుంది, తిప్పితే లొంగుతుంది. ఏ వైపుకి తిప్పేదో నేనెప్పుడూ చూసుకోలేదు. ఆవిడ చెయ్యి తిరిగేది, పని అయ్యేది, టీ తాగేవాళ్ళం.

నాది ఎడంచేతి వాటం. నా చేతికి ఎటు సుఖమో అటు తిప్పాను. అటు తిప్పితే మర బిగుసుకోదు, ఊడుతుంది. ఈ సంగతి కిందికి లాగాక గానీ తెలియలేదు.

తేలిగ్గా వచ్చేశాయి. అంత తేలిగ్గా రాకూడదు. ఆరు ఎక్కించాను, ఐదు దిగాయి. మొదట ఎక్కించినదీ దాని కొసన బ్రష్షూ పైన వంపులోనే ఉండిపోయాయి.

మళ్ళీ ఐదూ ఎక్కించి ఆ మర పట్టిద్దామని రెండు గంటలు తంటాలు పడ్డాను. కళ్ళకి గంతలు కట్టుకుని సూదిలో దారం ఎక్కించడం నయం. పైకెక్కి తీద్దామంటే నా మోకాళ్ళు నిచ్చెన మూడో మెట్టు దగ్గరే దండం పెట్టేస్తాయి. దుప్పటి పక్కన అలా చతికిలబడిపోయాను.

అక్క వంటింట్లోంచి కేకేసింది. "అయిందా?"

"అయింది" అన్నాను.

సాయంత్రం అన్నీ తిరిగి బిగించి, చితుకులేసి వెలిగించి చూశాను. కాసేపు ముక్కుతూ మూలిగి, తర్వాత అందుకుంది. బయటికెళ్ళి చూస్తే పొగ పైకే పోతోంది. బ్రష్షంటే వెంట్రుకలే కదా, గోడ కాదు కదా. జల్లెడలోంచి నీళ్ళు పోవడం లేదా. ఇరవై నాలుగున పొగగొట్టాల మనిషి వచ్చి తీస్తాడు, అంతదాకా ఇలా గడిచిపోతుంది.

పొగ బాగానే పోతోంది.

నవంబరు 6

పదకొండుసార్లు బయటికెళ్ళి చూశాను. పొగ బాగానే పోతోంది.

నవంబరు 8, శనివారం

నా చేతుల్లో పెట్టారు. ఏం రాయను. మూరెడు లేదు, మొహంలో మాత్రం నలుగురు పెద్దవాళ్ళ కోపం ఉంది. నా చూపుడువేలు పట్టుకుంది. నలభై ఏళ్ళు ఎంత పెద్ద స్టీరింగు పట్టుకున్నానో, ఆ వేలు కదల్చడానికి ఈ రోజు నాకు బలం చాల్లేదు. ఏడ్చాను. అక్క చూసి, "వీడికో పాలసీసా ఇవ్వండే" అంది.

పొయ్యి గాజు తలుపు పొద్దున్నే తడి కాగితం బూడిదలో అద్ది తోమాను, తళతళలాడుతోంది. అల్లుడు మంచివాడే గానీ ఏదైనా మూడుసార్లు చూస్తే గానీ నమ్మడు. అతని ముందు కాగితం ముక్క తలుపులో పెట్టి, మూసి, లాగి చూపించాను. రాలేదు. తలుపు అంచున ఉండే తాడు బిగువుగా ఉందని దానర్థం. అతనికి నచ్చింది.

"గొట్టం ఎవరు చేశారు మావయ్యా?"

"మన పొగగొట్టాల మనిషే బాబూ."

ఎప్పుడూ ఆగే స్టాపులో బస్సు ఆగినట్టు, మాట దానంతటదే వచ్చి ఆగింది. అక్క పాప బట్టలు మడతపెడుతూ తలెత్తి చూసింది. బుధవారమంతా ఇంట్లోనే ఉంది కదా. "అవునవును, బాగా చేశాడు. ఒంటినిండా మసే పాపం. మనిషి అచ్చం మా తమ్ముడిలాగే ఉంటాడు" అని మళ్ళీ మడతల్లో పడింది.

అల్లుడు నవ్వాడు. తనకి సెలవు లేదు, ఆదివారం ఆదివారం వస్తానని చెప్పి సాయంత్రం వెళ్ళాడు.

నవంబరు 9

ఆవగింజ నా చొక్కా భుజం మీద పాలు కక్కింది. ఆ చొక్కా ఉతకొద్దని చెప్పాను.

నవంబరు 12

గాజు నల్లబడుతోంది. పొద్దున తోమితే మధ్యాహ్నానికే టీ డికాషన్ రంగు. కట్టెలు పచ్చివేమో అని రెండు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చూశాను, టంగుమన్నాయి. ఎండినవే. మరి అలవాటు లేని పొయ్యి కదా, కొన్నాళ్ళు అలాగే ఉంటుంది.

అలవాటు లేకపోవడమేమిటి, పద్దెనిమిదేళ్ళ నుంచి ఉంది.

కట్టె వెయ్యడానికి తలుపు తీసినప్పుడల్లా గుప్పున పొగ మొహాన కొడుతోంది. అమ్మాయి ఒకసారి తియ్యబోతే, "నువ్వు ముట్టుకోకమ్మా, దానికి నా చెయ్యే అలవాటు" అన్నాను. "పొయ్యికి కూడా అలకేనా నాన్నా" అని నవ్వింది. ఆ నవ్వు వింటే నాకు కడుపు నిండిపోతుంది.

సాయంత్రం తలనొప్పి. సంతోషం తలకెక్కింది, ఇంకేముంది. మోయలేనంత సంతోషం మోస్తే నొప్పి పుట్టదా.

పోయినసారి వచ్చినప్పుడు పొగగొట్టాల మనిషి, గోడకి తగిలించే చిన్న పెట్టె ఒకటి కొనుక్కోమన్నాడు. ఇంట్లో గాలి చెడితే కూస్తుందట. నా ముక్కుండగా పెట్టెందుకయ్యా అన్నాను.

నవంబరు 15, శనివారం

ఎంత బంగారు తల్లో. ఏడవదు. మొదటి నాలుగు రోజులూ ఇల్లు లేచిపోయేలా ఏడ్చింది. ఇప్పుడు పాలకి కూడా లేపాల్సి వస్తోంది. "తాత ఇల్లు కుదిరింది దీనికి" అంది అమ్మాయి. తనకీ రెండు రోజుల నుంచి పగలూ రాత్రీ నిద్రేనట. బాలింత, నిద్ర పోనీ.

అక్క మధ్యాహ్నం వాంతి చేసుకుంది. "నీ కూతురు ఉప్పు వేసిందా, సున్నం వేసిందా కూరలో" అంది. "నువ్వు మూడోసారి వడ్డించుకున్నావత్తా" అంది అమ్మాయి. ఇద్దరూ వాదించుకుంటుంటే ఇల్లు ఇల్లులా ఉంది.

నేను వెనక షెడ్డు దగ్గర గంటసేపు కట్టెలు కొట్టాను. తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. లోపలికొచ్చాక మళ్ళీ వచ్చింది.

నవంబరు 16

అల్లుడొచ్చాడు. వచ్చేటప్పుడు హుషారుగా ఉన్నాడు. భోజనం చేసి గంటలో కణతలు పట్టుకుని కూర్చున్నాడు. "మీ ఇంటికొస్తే కళ్ళు మూతలు పడతాయి మావయ్యా, ఏం మంత్రం వేస్తారో" అన్నాడు. నేనూ నవ్వాను.

సాయంత్రం అతన్ని సాగనంపడానికి పాపని దుప్పట్లో చుట్టి గేటు దాకా తీసుకెళ్ళాం. పావుగంట నిలబడ్డాం. చలిగాలి తగిలేసరికి ఎత్తుకుంది రాగం, వీధి చివరి దాకా వినపడేలా. ఎంత గొంతు. "నాన్న వెళ్తుంటే బెంగ" అంది అక్క. లోపలికి తెచ్చాక కాసేపు ఏడ్చి నిద్రపోయింది.

నవంబరు 18, మంగళవారం

బయట ఏడుస్తుంది. లోపల ఏడవదు.

అక్క కొట్టుకి వెళ్తే బాగుంటుంది. తిరిగొస్తే వాంతి అంటుంది.

నేను షెడ్డు దగ్గర బాగుంటాను.

అల్లుడు ఇంటికెళ్ళి ఫోను చేశాడు, తలనొప్పి దారిలోనే తగ్గిపోయిందట.

డిపోలో ఒక చలికాలం, వెచ్చగా ఉంటుందని ఒక క్లీనరు షెడ్డు తలుపులు మూసుకుని, ఇంజను నడుస్తుండగానే బస్సులో పడుకున్నాడు. పొద్దున తలుపు తీసింది నేనే. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా, నిద్రపోతున్నవాడిలాగే ఉన్నాడు. ఎంత లేపినా లేవలేదు. షెడ్డులో పెద్ద వాసన కూడా లేదు.

అది డీజిలు. ఇది కట్టెలు. రెండూ ఒకటి కావు.

కిటికీ నాలుగు వేళ్ళ సందు తీసి పెట్టాను.

నవంబరు 19

"చలి నాన్నా" అని అమ్మాయి కిటికీ మూసింది. నేను తీశాను. మళ్ళీ మూసింది. "పాపకి గాలి తగలకూడదన్నారు. నీకు చెవుల్లో దూది ఉందా?" అంది. "కొంచెం గాలి ఆడాలమ్మా" అన్నాను. "ఎందుకు?" అంది. ఎందుకో చెప్పలేదు. అది అటు తిరగ్గానే రెండు వేళ్ళు తీశాను.

చెప్తే ఈ సాయంత్రమే సామాను సర్దుకుంటుంది. అత్తగారింటికి పోతుంది, పోవాలి కూడా. పదకొండు రోజులైంది వచ్చి. తొమ్మిదేళ్ళకి పదకొండు రోజులు.

చిన్న చిన్న మంటలే పెడుతున్నాను. పొయ్యిలోకి గాలి వదిలే మీట పూర్తిగా తెరిచి ఉంచుతున్నాను. ఇరవై నాలుగుకి ఇంకా ఐదు రోజులే. పొగగొట్టాల మనిషికి ఫోను చేసి ముందు రాగలడా అని అడిగాను. ఎందుకని అడిగాడు. ఊరికే అన్నాను. అయితే ఇరవై నాలుగే అన్నాడు.

ఐదు రోజులు నేను కాపలా కాస్తాను. లారీలెదురొచ్చే ఘాట్ రోడ్డులో అరవై మందిని దించినవాణ్ని.

నవంబరు 20

ఈ రోజు అంతా బాగానే ఉంది. మంట చిన్నదే. కిటికీ కొంచెం తీసే ఉంది. అంతా బాగానే ఉంది.

పాప రోజంతా మూడుసార్లే పాలు తాగింది. బాగానే ఉంది.

నవంబరు 22, శనివారం

ఎడంచేతికి కట్టు కట్టారు. కుడిచేత్తో రాస్తున్నాను, కోడి కెలికినట్టుంది. అయినా రాస్తాను.

నిన్న శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కట్టెలు కొట్టి లోపలికొచ్చాను. బయట మంచు కురుస్తోందని అమ్మాయి ఇంట్లోని కిటికీలన్నీ గట్టిగా మూసి గడియలు వేసింది. మంట చిన్నదిగా ఉందని, పాపకి చలి అని, తనే మూడు పెద్ద కట్టెలు వేసింది. నా చెయ్యే అలవాటని చెప్పానే తప్ప ఎందుకో చెప్పలేదు కదా, దానికేం తెలుసు.

కుర్చీలో నిద్రపోతోంది. పాప ఒళ్ళో ఉంది. అక్క గోడ పట్టుకుని నిలబడి, "ఒరేయ్, ఆవగింజ పాలకి లేవట్లేదురా, నాకు కాళ్ళు తేలిపోతున్నాయి" అంది.

పాప బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

తర్వాత ఏం చేశానో ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పాపని లాక్కుని వాకిట్లోకి పరిగెత్తాను. తిరిగొచ్చి అమ్మాయిని భుజం పట్టి ఈడ్చాను, అది తిట్టింది, తిట్టిందంటే బతికే ఉంది. అక్క తనంతట తనే పాకినట్టు వచ్చింది. మళ్ళీ లోపలికెళ్ళి కిటికీలన్నీ తెరిచి, మండుతున్న కట్టెలు చేత్తో లాగి బూడిద బకెట్లో పడేసి మంచులో కుమ్మరించాను. పట్టకారు పక్కనే ఉంది, కనపడలేదు.

మంచులో నిలబడి పాపని అరికాళ్ళ మీద తట్టాం. ఎంతసేపో తెలియదు. చివరికి ముక్కు ముడిచి, సన్నగా, పిల్లి కూన మూలిగినట్టు మూలిగింది. పక్కింటాయన కార్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

ముగ్గురికీ మొహాలకి ఆక్సిజన్ గొట్టాలు పెట్టారు. పాపకి చిన్న డబ్బాలాంటిది. ఈసారి కూడా అద్దం అవతల నుంచే చూశాను.

డాక్టరమ్మ రక్తం కాగితాలు చూసి అడిగింది. "ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా?"

"ఉందండి. కానీ మొన్ననే మనిషిని పిలిపించి గొట్టం శుభ్రం చేయించారు మా నాన్న" అంది అమ్మాయి, మొహం మీది గొట్టం పక్కకి జరిపి. అల్లుడు అప్పుడే ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చి ఆయాసపడుతూ నిలబడ్డాడు.

నేను మాట్లాడకపోతే అయిపోయేది. గొట్టంలో పక్షి గూడు కట్టిందనుకునేవాళ్ళు. ఆ మాట కూడా నాలిక దాకా వచ్చింది, పక్షి గూడు.

"లేదమ్మా" అన్నాను. "మనిషి రాలేదు. నేనే చేశాను. బ్రష్షు లోపల ఊడిపోయింది. అక్కడే ఉంది."

డాక్టరమ్మ రాసుకుంది. "ఇంకో గంట అయితే ఈ పాపని నేను చూడాల్సిన పని ఉండేది కాదు" అంది, కోపం లేకుండానే. పొగ సరిగ్గా పోని పొయ్యిలో పుట్టే ఆ విషవాయువుకి రంగూ వాసనా ఉండవట.

అమ్మాయి గొట్టం మళ్ళీ మొహానికి పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఈ సాయంత్రం ముగ్గుర్నీ పంపించారు, ప్రమాదం లేదన్నారు. అమ్మాయీ పాపా అటునుంచటే అత్తగారింటికి వెళ్ళారు; అల్లుడు వచ్చి సామాను తీసుకెళ్ళాడు. పాలసీసా కడిగే బ్రష్షు మర్చిపోతే నేనే పరిగెత్తుకెళ్ళి కారు దగ్గర ఇచ్చాను. తీసుకున్నాడు.

నవంబరు 24

పొగగొట్టాల మనిషి వచ్చాడు. పైకప్పెక్కి పైనుంచి దింపి, లాగి, గంటలో బయటికి తీశాడు. బ్రష్షు కనపడటం లేదు. చుట్టూ తారు పట్టి, మసి పట్టి, తడిసిన కంబళి ముద్దలా ఉంది. మధ్యలో నా చిటికెన వేలు దూరేంత సందు. దాంట్లోంచే ఇన్ని రోజులూ నా ఇంటి పొగంతా పోయింది, పోయినంత.

"ఎడంచేతి వాటమా పెద్దాయనా?" అన్నాడు.

"అవును."

"మా నాన్నదీ అదే. ఎడంచేతివాళ్ళకి ఇలా ఊడటం మామూలే. నేనే ఏడాదికి రెండు మూడు తీస్తాను."

"ఇరవై నాలుగు దాకా ఆగకుండా నువ్వు ముందే వచ్చుంటే" అన్నాను. ఎందుకన్నానో. తప్పు ఎవరి మీదైనా కొంచెం పెట్టి చూద్దామని కాబోలు.

అతను చేతులు తుడుచుకుంటూ నా వైపు చూశాడు. "తోమడానికైతే వరస ఉంటుంది పెద్దాయనా. లోపల ఇరుక్కుందని చెబితే వరస ఉండదు. ఆ రోజే వచ్చేవాణ్ని. మీరు ఊరికే అన్నారు."

పంతొమ్మిదిన నేనే ఫోను చేశాను. ఒక్క మాట చాలేది.

నవంబరు 27

పొయ్యి శుభ్రంగా ఉంది. పగిలిన ఇటుక పలక మార్చాడు. అగ్గిపుల్ల గియ్యలేకపోతున్నాను. అక్కా నేనూ కోట్లు వేసుకుని ఎదురెదురుగా కూర్చుంటున్నాం.

"ఇద్దరం పోతే ఐసు కొనక్కర్లేదు, అలాగే ఉంచెయ్యొచ్చు" అంది.

నేను నవ్వకపోయేసరికి చెప్పింది. "ఆ మనిషి రాలేదని నాకు తెలుసు కదరా. నోరు తెరిచి అల్లుడి ముందు అనేదాన్నే. ఎనిమిదో తారీకున నీ మొహం చూశాను. మీ ఆవిడ పోయాక ఆ మొహం చూడలేదు. నోరు కట్టేసుకున్నాను. జన్మలో ఒక్కసారి కట్టుకున్నాను, అది కూడా తప్పుడు రోజున."

"తప్పు నాదక్కా."

"నీదే. నాది లేదంటున్నానా" అంది. తన రెండో శాలువా నా మీద పడేసింది.

డిసెంబరు 1

ఫోను లేదు. నేను చెయ్యలేదు. అక్క చేసిందట. పాప అరకిలో పెరిగిందట. అరకిలో.

డిసెంబరు 7, ఆదివారం

ఈ రోజు ఇంకెక్కువ రాయాలనుంది గానీ జరిగింది జరిగినట్టే రాస్తాను.

పదకొండింటికి గేటు దగ్గర కారు ఆగింది. అమ్మాయి ఒక్కతే దిగింది. అల్లుడూ పాపా కార్లోనే. లోపలికొచ్చి అక్కని కావలించుకుంది. నా కట్టు చూసింది. ఎలా ఉందని అడగలేదు.

"ఇల్లు ఇంత చల్లగా ఉందేంటి?"

"వెలిగించలేదమ్మా."

"బాగు చేయించారుగా. అత్త చెప్పింది."

"వెలిగించబుద్ధి కాలేదు."

"వెలిగించు."

చితుకులు పేర్చాను. ఒంటిచేత్తో నాకు చాలాసేపు పట్టింది, అమ్మాయి సాయం రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ప్రతీదీ చూసింది. మంట అందుకోగానే పొగంతా గొట్టంలోకి ఎవరో పిలిచినట్టు వెళ్ళిపోయింది. అమ్మాయి బయటికెళ్ళి వాకిట్లో నిలబడి పైకి చూసింది. నేను కిటికీలోంచి దాన్ని చూశాను. చాలాసేపు చూసింది.

తిరిగొచ్చి, కూర్చోకుండానే అడిగింది. "నాన్నా, బ్రష్షు ఊడిందని నీకు ఐదో తారీకునే తెలుసు. అది సరే. పాపకి అందువల్లే అలా అవుతోందని ఎప్పుడు తెలిసింది?"

శుక్రవారం అని చెప్పొచ్చు. శుక్రవారం మధ్యాహ్నం, పాప బుగ్గలు చూడగానే అని. అక్కకి కూడా తెలియదు. తెలిసింది నాకూ ఈ పుస్తకానికీ మాత్రమే.

"మంగళవారం" అన్నాను.

వేళ్ళ మీద లెక్కపెట్టింది. నా ముందే లెక్కపెట్టింది. మంగళ, బుధ, గురు. శుక్రవారం దగ్గర ఆగింది.

"మూడు రోజులు తెలిసి ఉంచావు."

"ఉంచాను."

"ఎందుకు?"

"చెప్తే వెళ్ళిపోతావని."

"వెళ్ళిపోయానుగా" అంది.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

అమ్మాయి బయటికి వెళ్ళిపోయింది. కారు తలుపు చప్పుడైంది. అయిపోయిందనుకున్నాను. స్టార్టు చేసిన చప్పుడు కోసం చూస్తూ కూర్చున్నాను. నలభై ఏళ్ళు విన్న చప్పుడది, ఎంత దూరంలో ఉన్నా పట్టేస్తాను. రాలేదు.

ముగ్గురూ లోపలికి వచ్చారు. అల్లుడు నాతో మాట్లాడకుండా జేబులోంచి చిన్న పెట్టె తీసి, గోడకి తన భుజం ఎత్తున మేకు కొట్టి తగిలించి, మీట నొక్కాడు. కూత పెట్టింది. పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది. అమ్మాయి దాన్ని ఎత్తుకుని పొయ్యికి దూరంగా, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. కోటు విప్పలేదు. పాప టోపీ కూడా తియ్యలేదు.

"ఈ కట్టె కాలేదాకా ఉంటాం" అంది.

నేను అవతలి మూల కూర్చున్నాను. ఎత్తుకుంటానని అడగలేదు. అక్కడి నుంచే చూశాను. బుగ్గలు కొంచెం నిండాయి. మెడ నిలబెడుతోంది. ఏడ్చి ఏడ్చి, గోడ మీది పెట్టె వైపు కోపంగా చూసి, తన పిడికిలి తనే నోట్లో పెట్టుకుంది. అక్క దానికి ఏదో చెబుతోంది, నా మీద చాడీలే అయ్యుంటాయి. ఒళ్ళంతా సంతోషంగా ఉంది. ఉండకూడదేమో, ఉంది.

కట్టె చిటపటమంటూ సగానికొచ్చింది. తర్వాత ఎర్రటి బొగ్గయింది. అల్లుడు గడియారం చూసుకుని జేబులోంచి కారు తాళాలు తీశాడు. నేను లేవలేదు. ఇంకోటి వెయ్యనా అని అడిగితే వద్దంటుందని తెలుసు, అందుకని అడగలేదు.

అమ్మాయి పాపని అక్క చేతికిచ్చి లేచింది. పొయ్యి ముందు కూర్చుని తలుపు కొంచెమే తీసి ఆగింది. పొగ బయటికి రాలేదు. పూర్తిగా తీసింది. బుట్టలోని కట్టెలు అటూ ఇటూ కదిపి, అన్నిటికంటే చిన్నది వెతికి వేసింది.